గబ్బిలములు: వాని జీవనము, సంతానక్రమము, తోట రైతు తెలియవలసిన విషయములు

విశాఖపట్టణ ప్రాంతమున మామిడి, జామ, సపోటా తోటలు గల రైతులలో పెక్కుమంది గబ్బిలమును తోటకు శత్రువుగానే యెంతురు. సువర్ణరేఖ పండునకు వచ్చు దినములలో తెల్లవాఱుసరికి చెట్టు క్రింద సగము కొఱికిన కాయలు పడియుండుట చూచిన రైతునకు కోపము కలుగుట సహజమే. ఆ కోపముతో కొందఱు తుపాకి పేల్చుదురు. కొందఱు గబ్బిలములు వ్రేలాడు మఱ్ఱిని నఱికింతురు. కొందఱు గుహలలోను, పాడుబడిన కట్టడములలోను పొగవేయుదురు. ఇందువలన తోటకు కలుగు లాభమెంత, పొలమునకు కలుగు నష్టమెంత యను లెక్క చూచుటకు ముందు, గబ్బిలము ఎట్లు జీవించునో, ఏ మాసమున పిల్లను కనునో తెలియవలెను. ఆ లెక్క తెలిసిన రైతు తుపాకిని విడిచి వలను చేపట్టును.

గబ్బిలము పక్షి కాదు

గబ్బిలము గ్రుడ్డు పెట్టదు. ఆవువలె, మేకవలె పిల్లను కని పాలిచ్చి పెంచును. పాలిచ్చు జంతువులలో ఱెక్కలాడించి నిజముగా ఎగురగలిగినది గబ్బిల మొక్కటియే. దాని ఱెక్క యనునది పొడవుగా సాగిన చేతివ్రేళ్ళ నడుమ పఱచుకొనిన పలుచని తోలు. ప్రపంచమున 1,400కు మించిన గబ్బిలపు జాతులు కలవు; భారతదేశమున సుమారు 130 జాతులు గుర్తింపబడినవి. ఇందు అధికభాగము ఉష్ణదేశపు అడవులలోనే యున్నవి. ఏలయన, ఏడాది పొడవునను పువ్వో, పండో, పురుగో దొరకునది అచ్చటనే.

రైతు వీనిని రెండు తెగలుగా ఎఱిగిన చాలును. ఒకటి పండ్లును పూదేనెయు తినునది. రెండవది పురుగులను తినునది. మొదటి తెగ కన్నులు పెద్దవి, ముఖము కుక్క ముఖమువలె నుండును. రెండవ తెగ కన్నులు చిన్నవి, చెవులు పెద్దవి. ఇది మనుష్యుల చెవికి వినరాని సన్నని కూతలు కూయుచు, ఆ కూత పురుగునకు తగిలి మరలివచ్చు ప్రతిధ్వనిని బట్టి చీకటిలో వేటాడును. తోటలో పండు కొఱుకునది మొదటి తెగయే గాని రెండవది కాదు. అయినను పొగవేయువారు ఈ భేదమును పాటింపక రెంటిని నాశనము చేయుచున్నారు.

ఈ ప్రాంతమున కానవచ్చు జాతులు

పెద్దగబ్బిలము: ఇది సుమారు ఒక కిలోగ్రాము తూగును, ఱెక్కలు చాచినచో నాలుగడుగులు దాటును. మఱ్ఱి, రావి, చింత వంటి మహావృక్షములపై పగలు వందలకొలది తలక్రిందుగా వ్రేలాడును. సంజవేళ బయలుదేఱి చూపును, వాసనను ఆధారముగా చేసికొని ఆహారమునకై ఎన్నో మైళ్ళు పోవును.

పొట్టిముక్కు గబ్బిలము: ఇది అరచేతిలో ఇమిడునంతటిది, బరువు సుమారు 50 గ్రాములు. తాటియాకుల క్రిందను, జీలుగు గెలలలోను చిన్న గుంపులుగా నుండును. పెరటి జామచెట్టునకు వచ్చునది తఱచుగా ఇదియే.

గుహా గబ్బిలము: అనంతగిరి కొండలలోని బొఱ్ఱా గుహలలో నుండు పండ్లు తిను గబ్బిల మిది. పెద్ద గుహలు, పాత కోటలు, చీకటి కట్టడములు దీనికి నివాసములు. నాలుకతో టక్కుటక్కుమని చప్పుడు చేసి, ఆ ప్రతిధ్వనివలన గుహలో దారి తెలిసికొనును. నేరేడు, జామ, మామిడి పండ్లును, బూరుగు పూవులును దీనికి ఆహారము.

పురుగులు తిను జాతులు: ఇండ్ల చూరులందు, పాత బావులందు, దేవాలయ గోపురములందు, చెట్టు తొఱ్ఱలందు ఉండునవి. వీనిలో కొన్ని అయిదు గ్రాములైనను తూగవు. పెద్దచెవుల జాతి యొకటి పురుగులతోపాటు ఎలుకపిల్లలను, కప్పలను కూడ పట్టి తినును.

అడవికిని ఏటికిని గల సంబంధము

పండు తిను గబ్బిలము చెట్టు మీదనే కూర్చుండి తినుట అరుదు. పండును నోట కఱచుకొని కొంతదూరము పోయి, మఱియొక కొమ్మపై వ్రేలాడి, రసమును మ్రింగి పిప్పిని ఉమియును. పెద్ద గింజలు అచ్చటనే పడును. మేడి, రావి, జువ్వి వంటి చిన్న గింజలు కడుపులోనికి పోయి సుమారు అరగంటలో రెట్టతోపాటు వెలువడును. పక్షులు పెక్కు చెట్టు మీదనుండియే రెట్ట వేయగా, గబ్బిలము ఎగురుచునే వేయును. అందువలన నఱికిన పోడు భూములలోను, బోడి గుట్టలలోను మొదటి గింజ రాల్చునది తఱచుగా గబ్బిలమే. మన్యపు గిరిజనులకు జీవనాధారమగు ఇప్పచెట్టు గింజలను, మైదానపు జీడిమామిడి గింజలను గూడ ఇది ఒకచోటినుండి మఱియొకచోటికి చేర్చును.

పువ్వుల విషయమును ఇట్లే. బూరుగు మొదలగు కొన్ని చెట్ల పూవులు రాత్రివేళ తేనె నిండియుండును. ముఖమును పూవులో నుంచి తేనె నాకు గబ్బిలమునకు పుప్పొడి అంటుకొని, తరువాతి చెట్టు పూవునకు చేరును. తూర్పు కనుమలలోని చెట్లకు గబ్బిలములు ఇట్లు పరాగమును చేర్చుటను గూర్చి ఆంధ్ర విశ్వకళాపరిషత్తు పరిశోధకులు వ్రాసియున్నారు.

మైదానపు రైతునకు దీనితో పని యేమి యని కొందఱడుగవచ్చును. గోస్తనీ నది అనంతగిరి కొండలలో పుట్టి, బొఱ్ఱా గుహలగుండ ప్రవహించి, తాటిపూడి జలాశయమును నింపి, భీమునిపట్టణము కడ సముద్రమున కలియును. తాటిపూడి నీరు పొలములకు పాఱుటయే గాక విశాఖపట్టణమునకు త్రాగునీరుగాను పోవును. కొండపై అడవి దట్టముగ నున్నంతకాలము వాననీరు నేలలో ఇంకి మెల్లమెల్లగా ఏటికి దిగును. కొండ బోడియైనచో వాన వెలిసిన గడియలో వఱదయై, మఱునాటికి ఇసుకయై మిగులును. ఆ అడవిని తిరిగి మొలిపించు కూలివాండ్రలో గబ్బిల మొకటి. దానికి కూలి వేసవిలో కొన్ని పండ్లు.

సంతానక్రమము

ఎలుక మూడు వారములు మోసి, ఒక్క ఈతకు ఆఱు మొదలు పండ్రెండు పిల్లలవఱకు కని, ఏడాదిలో పలుమాఱులు ఈనును. గబ్బిలము ఎలుకకు ఱెక్కలు వచ్చిన రూపమని కొందఱి తలంపు. సంతాన విషయమున దానికిని దీనికిని పోలిక లేదు.

పెద్దగబ్బిలము ఏడాదికి ఒక్కమాఱు, ఒక్కటే పిల్లను కనును. వర్షకాలమున జతకూడును, గర్భము సుమారు అయిదు మాసములు మోయును, ఫిబ్రవరి మొదలు మే వఱకు ఈనును. పుట్టిన పిల్ల మొదటి కొన్ని వారములు తల్లి రొమ్మును కఱచుకొని, తల్లితోపాటే రాత్రియెల్ల ఎగురుచుండును. బరువు పెరిగిన పిదప తల్లి దానిని చెట్టున విడిచి మేతకు పోయి, తెల్లవాఱుజామున మరలివచ్చి పాలిచ్చును. ఆ పిల్ల తిరిగి పిల్లను కనుటకు ఒకటిన్నర, రెండేండ్లు పట్టును. అయితే ఆయువు దీర్ఘము. జంతుశాలలలో పెంచిన పెద్దగబ్బిలములు ముప్పది యేండ్లు దాటి జీవించిన నిదర్శనములు కలవు. అనగా తక్కువ పిల్లలను కని, ఎక్కువ కాలము బ్రదుకుటయే దీని ధర్మము.

పొట్టిముక్కు గబ్బిలము ఏడాదికి రెండుమాఱులు ఈనును. ప్రతిసారి పిల్ల యొక్కటే. మొదటి ఈత ఫిబ్రవరి, మార్చి మాసములలోను, రెండవది జూన్, జూలై మాసములలోను వచ్చును. మొదటి పిల్ల పుట్టిన కొలది దినములకే తల్లి మరల గర్భము ధరించును. ఈ జాతిలో మగది ఇల్లు కట్టును. జీలుగు గెల నడిమి తీగలను రాత్రులు కొఱికి కొఱికి గంటవంటి డొల్లను చేయును. ఇందుకు పెక్కు దినములు పట్టును. ఆ గూటిలో పలు ఆడుగబ్బిలములు చేరి పిల్లలను కనును, మగది కావలియుండును.

గుహా గబ్బిలమును ఇట్లే రెండుమాఱులు, ఒక్కొక్క పిల్లను, మార్చి ప్రాంతమునను జూలై ప్రాంతమునను కనును. గర్భకాలము సుమారు నాలుగు మాసములు.

పురుగులు తిను జాతులలో కొన్నింటి పద్ధతి మఱింత విచిత్రము. ఇండ్లలో నివసించు పసుపుపొట్ట జాతిని గూర్చి కాశీలో జరిగిన పరిశోధనలలో, అవి చలికాలమున జతకూడినను గర్భము అప్పుడే నిలువదనియు, మగదాని బీజము ఆడుదాని గర్భాశయమున వారములకొలది నిలువయుండి, వేసవి తొలినాళ్ళలో అండము వెలువడిన పిదపనే గర్భము కట్టుననియు తేలినది. ఇందలి ప్రయోజనము సులభముగ బోధపడును. పిల్ల పుట్టి పాలు త్రాగు కాలము, తొలకరి తరువాత పురుగులు సమృద్ధిగా నుండు కాలముతో సరిపడును. రైతు విత్తనమును గాదెలో నుంచి వాన రాకకు ఎదురుచూచుట వంటిదే ఇది.

వేసవి వేట యొక్క ఫలితము

పైని చెప్పిన మాసములను మామిడి మాసములతో సరిపోల్చి చూడవలెను. ఏప్రిల్, మే మాసములలో తోటకు వచ్చిన ఆడు పెద్దగబ్బిలము సామాన్యముగ పాలిచ్చు తల్లి. దానిని చంపినచో చెట్టున విడిచివచ్చిన పిల్ల ఆకలితో చచ్చును. పొట్టిముక్కు గబ్బిలమును, గుహా గబ్బిలమును ఆ మాసములలో ఒక పిల్లకు పాలిచ్చుచో, ఇంకొక పిల్లను కడుపున మోయుచో ఉండును. ఒక్క గుండు పేలినచో పోవు ప్రాణము ఒక్కటి కాదు.

ఒక మఱ్ఱిపై 100 ఆడు పెద్దగబ్బిలములు కలవనుకొందము. ఒక వేసవిలో 40 చంపబడెను. వాని 40 పిల్లలును చచ్చెను. మిగిలిన 60 తల్లులకు ఆ యేట 60 పిల్లలు. అందు ఆడువి సుమారు 30. అవి కనుటకు రెండేండ్లు కావలెను. ఒక్కటియు చావదని లెక్కించినను గుంపు మరల నూటికి చేరుటకు మూడేండ్లు పట్టును. కాని గ్రద్ద, కొండచిలువ, గాలివాన, విద్యుత్తు తీగలు కొన్నింటిని ఏటేట కొనిపోవును గనుక, నిజమునకు అంతకంటె ఎన్నియో యేండ్లు పట్టును. ప్రతి వేసవియు తుపాకి పేలుచున్నచో ఎన్నటికిని చేరదు.

గబ్బిలము చేయు హాని కన్నులకు కనబడును. కొఱికిన కాయ చెట్టు క్రిందనే యుండును. అది చేయు మేలు రాత్రివేళ జరుగును గనుక కానరాదు. పురుగులు తిను చిన్న గబ్బిలము ఒక రాత్రిలో తన బరువులో సగమునకు దగ్గఱగా పురుగులను తినగలదు. పాలిచ్చు తల్లి అంతకంటె హెచ్చుగా తినును. వరికి హానిచేయు సుడిదోమలు, ఱెక్కల పురుగులు ఇందు చేరియున్నవి. థాయిలాండు దేశమున గుహలలో నివసించు ఒక జాతి గబ్బిలములు తెల్లవీపు సుడిదోమను తినుటవలన ఆ దేశమున ఏటికి సుమారు 2,900 టన్నుల బియ్యము మిగులుచున్నదని 2014లో శాస్త్రజ్ఞులు లెక్కగట్టిరి. గుహలో పొగవేసిన రైతు తన వరిచేని కాపలావానిని తానే వెళ్ళగొట్టినవాడగును.

మారిషస్ దీవి నేర్పిన పాఠము

19వ శతాబ్దమున కోరంగి రేవు మీదుగాను, విశాఖపట్టణ ప్రాంతమునుండియు ఎందఱో తెలుగువారు మారిషస్ దీవికి చెఱకు తోటల పనికై పోయిరి. వారి సంతతివారు నేటికిని అచ్చట కలరు. ఆ దీవిలో లిచీ, మామిడి పండ్లను పెద్దగబ్బిలములు పాడుచేయుచున్నవని తోటలవారు మొఱపెట్టుకొనగా, అచ్చటి ప్రభుత్వము 2015లోను, 2016లోను వేలకొలది గబ్బిలములను చంపించెను. ఫలసాయము ఆశించినట్లు పెరుగలేదు. పండ్ల నష్టములో కొంత పక్షులవలన, కొంత గాలివలన, కొంత మిగుల పండి రాలుటవలన కలుగుచున్నదని పరిశోధకులు చూపిరి. గబ్బిలమునకు మాత్రము 2018లో ప్రపంచ ప్రకృతి సంరక్షణ సంఘమువారి పట్టికలో అపాయస్థితి యను పేరు వచ్చినది. వల కప్పిన చెట్లకు మాత్రము మేలు కలిగెను.

పండును కాపాడుకొను విధములు

1. మామిడిని చెట్టున పండనీయక, భుజములు తేలి పక్వమునకు వచ్చినంతనే కోసి గడ్డిలో మాగవేయవలెను. గబ్బిలము పండిన వాసనకు వచ్చును గాని పచ్చికాయకు సామాన్యముగ రాదు. కోత ఆలస్యమైన తోటయందే నష్ట మెక్కువ.

2. జామ, సపోటా వంటి పొట్టి చెట్లకు చిన్నకన్నుల వలను బిగువుగా కట్టవలెను. వదులుగా వేసిన సన్నని నైలాను వలలో గబ్బిలములు, పక్షులు చిక్కుకొని చచ్చును, వలయు చినిగిపోవును.

3. మేలుజాతి మామిడికాయలకు సంచులు తొడుగవలెను. ఇందువలన పండు ఈగ బాధయు తగ్గును. కాయకు మచ్చలు పడవు.

4. దీపములు, డప్పులు కొన్ని రాత్రులే పనిచేయును. గబ్బిలము వానికి త్వరలోనే అలవాటు పడును. వీనిపై ధనము వ్యయము చేయుట వ్యర్థము.

5. గట్లమీదను, బంజరులందును మేడి, జువ్వి, రావి, నేరేడు చెట్లను పెంచవలెను. మేత వేఱొకచోట దొరకినచో తోటపై ఒత్తిడి తగ్గును.

6. గబ్బిలముల రెట్ట మంచి ఎరువు. చెట్టు క్రింద పడినదానిని పోగుచేసి ఎరువుగుంటలో వేయవచ్చును. గుహలలోను, మూసిన కట్టడములలోను త్రవ్వరాదు. ఆ ధూళిలోని బూజు ఊపిరితిత్తులకు రోగము తెచ్చును.

రోగభయమును గూర్చి

నీపా యను వైరసు పెద్దగబ్బిలములయందు ఉండును. 1998, 1999 సంవత్సరములలో మలేషియాలో పందులద్వారా మనుష్యులకు సోకెను. 2018లో కేరళలోని కోజికోడు ప్రాంతమున ప్రాణనష్టము కలిగించెను. బంగ్లాదేశమున గబ్బిలములు ముట్టిన పచ్చి ఖర్జూరపు నీరా త్రాగినవారికి సోకినట్లు తేలినది. కావున కొఱికిన పండును తినరాదు. పశువులకును, పందులకును పెట్టరాదు. తాటి, ఈత, జీలుగు కల్లు కుండలకు, గీసిన చోటికిని వెదురు తడిక కప్పవలెను. బంగ్లాదేశమున ఈ తడికలు గబ్బిలమును రానీయకుండ చేసినవి. చచ్చిన గబ్బిలమును ఒట్టి చేతులతో ముట్టరాదు.

అయితే రోగభయముతో గుంపులను తఱుముట విరుద్ధఫలము నిచ్చును. ఆస్ట్రేలియాలో, నీపాకు దగ్గఱి చుట్టమైన హెండ్రా వైరసును గూర్చి 2022లో వెలువడిన పరిశోధనయందు, పూచు అడవులు నఱకబడి ఆకలిగొన్న గబ్బిలములు పొలములకును, ఊళ్ళకును చేరినప్పుడే రోగము గుఱ్ఱములకు సోకుచున్నదనియు, అడవి విరివిగా పూచిన చలికాలములందు సోకలేదనియు కనుగొనిరి. కడుపునిండిన గబ్బిలము అడవియందే యుండును.

నివాస వృక్షములు, చట్టము

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమున పండ్లు తిను గబ్బిలములు, ఒకటి రెండు అరుదైన జాతులు తప్ప, ఎలుకలతోపాటు హానికర జంతువుల పట్టికలో చేర్పబడెను. 2022లో ఆ చట్టము సవరింపబడి ఆ పట్టిక తొలగింపబడెను. పెద్దగబ్బిలము రక్షిత జంతువులలో చేర్పబడెను. కావున దానిని చంపుట నేడు చట్టవిరుద్ధము.

విశాఖపట్టణమున నౌకాశ్రయము 1933లో తెఱవబడెను. ఉక్కు కర్మాగారము 1992లో జాతికి అంకితమయ్యెను. పట్టణము నలుదిక్కుల పెరిగినకొలది పాత తోపులు తఱిగెను. 2014 అక్టోబరు 12వ తేదీని వచ్చిన హుద్‌హుద్ తుపాను ఈ ప్రాంతపు మహావృక్షములను అసంఖ్యాకముగా పెకలించెను. వలకు, సంచికి ధనమున్న చాలును. వంద గబ్బిలములను మోయగల మఱ్ఱిని ధనము పెట్టి కొనజాలము. అట్టి చెట్టు తన భూమిలోగాని, ఊరి పొలిమేరలోగాని గల రైతు దానిని నఱికింపరాదు. తమిళనాట కొన్ని గ్రామములవారు దీపావళినాడు గబ్బిలముల చెట్టు కడ టపాకాయలు కాల్చకుండుట ఆచారముగా పాటించుచున్నారు. ఫిబ్రవరి మొదలు జూలై వఱకు, పిల్లలు తల్లులపై ఆధారపడియున్న మాసములలో, ఆ చెట్ల క్రిందను గుహలయందును అలజడి చేయకుండుట ప్రతి గ్రామమునకును సాధ్యమైన పని. ఇందుకు రైతునకు ఒక్క కాసైనను వ్యయము లేదు.